పాత ప్రొఫైల్ ప్రొజెక్టర్‌తో ఇంటి వర్క్‌షాపులో నమ్మకంగా కొలవడం ఎలా

కంపెనీలు కెమెరా ఉన్న కొత్త కొలత యంత్రాలకు మారుతున్నకొద్దీ పాత ప్రొఫైల్ ప్రొజెక్టర్లు, అంటే వస్తువు నీడను పెద్దదిగా చేసి తెర మీద చూపించే యంత్రాలు, బయటికొస్తున్నాయి. కొన్నిసార్లు తుక్కు ధరకే దొరుకుతాయి. కొన్నవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "వెలిగింది, బొమ్మ పడింది. కానీ మైక్రోమీటర్ 6.00 అంటుంటే ఇది 6.04 అంటోంది. దేన్ని నమ్మాలి?"

ఇలా అడిగేవాళ్లలో చాలామంది తెర మీద పడ్డ బొమ్మకు స్కేలు పెట్టి, వచ్చినదాన్ని పదితో భాగిస్తుంటారు. తేడా అక్కడే పుడుతోంది. తెర ఉన్నది అంచు ఎక్కడుందో చూపించడానికి. కొలత చెప్పాల్సింది వస్తువును పెట్టి జరిపే టేబుల్. ఈ గైడ్ మొత్తం ఆ పద్ధతి మీదే నడుస్తుంది.

## 1. ఏం కొలవాలి, ఏం కొలవకూడదు

ప్రొజెక్టర్ చూపించేది జాబ్ (కొలవాల్సిన వస్తువు) నీడను. నీడలో కనపడనిది కొలవలేం.

దీనికి తగిన పనులు:

- థ్రెడ్ ఆకారం, పిచ్ (పక్కపక్క థ్రెడ్ల మధ్య దూరం), కోణం
- సర్‌క్లిప్ (షాఫ్టు గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు) గాడి వెడల్పు, అండర్‌కట్, చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు)
- గ్రైండింగ్ చేసిన లేత్ టూల్ కోణాలు, ముక్కు రేడియస్
- పల్చటి రేకులో రంధ్రాల మధ్య దూరం
- రబ్బరు, ప్లాస్టిక్, సన్న తీగ లాంటివి, అంటే మైక్రోమీటర్ నొక్కితే అణిగిపోయేవి

దీనికి తగనివి: మూసుకుపోయిన రంధ్రం లోతు, మందపాటి జాబ్‌లో బోరు, లోపలి థ్రెడ్. 20 మి.మీ. షాఫ్టు వ్యాసం కోసం దీన్ని వెలిగించడం కూడా దండగే. మంచి మైక్రోమీటర్ ఆ పని అరనిమిషంలో, ఇంతకంటే కచ్చితంగా చేసిపెడుతుంది.

ఒకేసారి ఎంత భాగం కనిపిస్తుందో తెలియాలంటే తెర వ్యాసాన్ని లెన్స్ రెట్లతో భాగించండి. 300 మి.మీ. తెర మీద 10 రెట్ల లెన్స్‌తో 30 మి.మీ., 20 రెట్లతో 15, 50 రెట్లతో 6, 100 రెట్లతో 3 మి.మీ. మాత్రమే కనిపిస్తుంది. ఇంటి పనికి 10, 20 రెట్ల లెన్సులు చాలు. 100 రెట్ల లెన్స్ ఉందని అమ్మేవాడు ఎక్కువ అడిగితే పట్టించుకోకండి. అంత ఎక్కువ రెట్ల దగ్గర వెలుతురు తగ్గుతుంది, పక్కింట్లో మోటారు వేసినా బొమ్మ వణుకుతుంది.

## 2. తేవడం, నిలబెట్టడం

యంత్రాన్ని కదిలించేముందు లెన్సులు, తెర గాజు విప్పి బట్టలో చుట్టి విడిగా పెట్టుకోండి. టేబుల్‌కు లాక్ ఉంటే బిగించండి, లేకపోతే చెక్క ముక్కలు దూర్చి తాడుతో కట్టండి. టేబుల్ పట్టుకుని మాత్రం యంత్రాన్ని ఎత్తొద్దు. స్లైడ్లు ఒకసారి వంగితే ఇంట్లో సరిచేయడం జరిగే పని కాదు. పట్టుకోవాల్సింది కింది పోత భాగాన్ని.

చోటు ఎంచుకునేటప్పుడు చూసుకోవలసినవి:

- కిటికీ ఎండ తెర మీద పడకూడదు
- బెంచ్ గ్రైండర్ ఉన్న గది కాకపోతే మేలు. ఆ ధూళి స్లైడ్లలో చేరితే ఆకురాయిలా అరగదీస్తుంది
- కంప్రెసర్ ఒకే బల్ల మీద గానీ, ఒకే స్టాండు మీద గానీ ఉండకూడదు
- బల్ల ఊగకూడదు. స్పిరిట్ లెవెల్ పెట్టి రెండు దిక్కులా సమం చేయాలి
- వెనక ఫ్యాన్ గాలి బయటికి పోవడానికి జానెడు ఖాళీ ఉండాలి

## 3. కరెంటు, దీపం

ముందు నేమ్‌ప్లేటు చదవండి. అమెరికా నుంచి వచ్చిన యంత్రమైతే 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉండొచ్చు. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, యంత్రం వాట్లకు రెండింతల సామర్థ్యం ఉన్నది తీసుకోండి. స్టెప్‌డౌన్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. కాబట్టి ఫ్యాన్ కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. మొదటి రోజు అరగంట నడిపి, ప్లగ్గు తీసేసి, చెయ్యి పెట్టి చూడండి.

పాత రబ్బరు తొడుగు వైర్లు వంచితే పెళుసుగా చిట్లుతుంటే మొత్తం మార్చేయండి. ఎర్త్ వైరు యంత్రం పోత భాగానికి తగిలిందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. ఇనుప టేబుల్ మీద చేతులు పెట్టి పనిచేసే యంత్రం ఇది, ఎర్త్ విషయంలో రాజీ పడొద్దు.

చాలా ప్రొజెక్టర్లలో 24 వోల్టుల, 150 వాట్ల హాలోజన్ బల్బు ఉంటుంది. అంటే ఆరు ఆంపియర్ల పైనే కరెంటు పోతుంది. అందుకే హోల్డర్ కాంటాక్టులు నల్లగా మాడి ఉంటాయి. బల్బు వెలిగి ఆరిపోతుంటే కొత్త బల్బు కొనేముందు హోల్డర్ మార్చి చూడండి. హాలోజన్ గాజును వట్టి వేలితో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు ఉన్నచోట గాజు ఎక్కువ వేడెక్కి పాడవుతుంది.

బల్బు దొరకక ఎల్‌ఈడీ పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. పెట్టొచ్చు, జాబ్ వేడెక్కకపోవడం పెద్ద లాభం కూడా. కానీ వెలిగే భాగం చిన్నదిగా ఉన్న ఎల్‌ఈడీ తీసుకుని, పాత ఫిలమెంట్ ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే అమర్చాలి. రూపాయి బిళ్లంత పసుపు చిప్ ఉన్నది పెడితే తెర ధగధగా మెరుస్తుంది గానీ అంచులు మెత్తబడిపోతాయి. కాంతి సమాంతరంగా రావాలంటే దీపం చుక్కంత చిన్నదిగా ఉండాలి మరి.

## 4. అద్దాలు, లెన్సుల శుభ్రం

ఎక్కువ యంత్రాలు పాడయ్యేది ఈ దశలోనే, అదీ మంచి ఉద్దేశంతోనే.

లోపలి అద్దాలు మన గోడ అద్దాల్లాంటివి కావు. వాటి పూత పైముఖం మీదే ఉంటుంది. చొక్కా అంచుతో ఒక్కసారి తుడిస్తే గీతలు పడతాయి, ఆ గీతలు ఇక పోవు. వరస ఇలా పాటించండి:

1. రబ్బరు బల్బు బ్లోయర్‌తో గాలి కొట్టండి. కంప్రెసర్ గాలి వద్దు, అందులో నూనె, నీళ్లు ఉంటాయి.
2. అంతటితో సరిపోతే ఆపేయండి. నాలుగు దుమ్ము రేణువులు అద్దం మీద ఉన్నా కొలతకు ఏమీ కాదు.
3. జిడ్డు పొర ఉంటేనే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన లెన్స్ టిష్యూను దాని బరువుతోనే ఒక్కసారి లాగండి. నొక్కొద్దు, గుండ్రంగా రుద్దొద్దు, అదే టిష్యూ మళ్లీ వాడొద్దు.

లెన్స్‌లో సాలెగూడు లాంటి సన్న పోగులు కనిపిస్తే అది బూజు (ఫంగస్). విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలి తేమకు ఇది మామూలే. పైముఖం మీదున్న బూజు పోతుంది. లోపలి గాజుల మధ్య ఉంటే కెమెరా లెన్సులు బాగుచేసేవాళ్లకు ఇవ్వండి. మీరే విప్పితే గాజుల మధ్య దూరం మారి రెట్లు తప్పే ప్రమాదం ఉంది.

తెర గాజుకు ఒకవైపు గరుకుగా ఉంటుంది. క్రాస్ లైన్లు (తెర మీద ఒకదానికొకటి అడ్డంగా గీసిన గీతలు) ఆ వైపునే ఉంటే దాన్ని రుద్దకుండా వదిలేయండి. నున్నటి వైపు సబ్బునీళ్లతో తుడుచుకోవచ్చు.

## 5. దీపాన్ని మధ్యకు తేవడం

టేబుల్ ఖాళీగా ఉంచి తెర చూడండి. ఒక మూల చీకటిగా ఉంటే దీపం పక్కకు ఉన్నట్టే. హోల్డర్ మరలు వదులు చేసి, తెరంతా ఒకే రకంగా వెలిగేదాకా జరపండి.

అసలు పరీక్ష ఇది. నున్నటి డోవెల్ పిన్ను ఒకటి నిలువుగా పెట్టి ఫోకస్ చేయండి. ఇప్పుడు ఫోకస్‌ను కాస్త ముందుకు, కాస్త వెనక్కు తిప్పుతూ రెండు అంచులనూ గమనించండి. అంచులు మసకబారడం సహజం. రెండూ కలిసి ఒకే వైపు జరిగితే దీపం ఇంకా మధ్యలో లేదు, మళ్లీ సర్దండి. రెండూ ఒకదానికొకటి దూరంగా, లేదా దగ్గరగా జరిగితే అది ఆ లెన్స్ స్వభావం. కొలత మధ్యలో ఫోకస్ ముట్టుకోకుండా ఉంటే పేచీ లేదు.

పిన్ను అంచు వెంట సన్నటి తెల్లగీత మెరుస్తుంటే, గుండ్రటి జాబ్ ఒంటి మీద పడి చెదిరిన కాంతి అది. దీపం ముందు అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) ఉంటే దాన్ని చిన్నది చేయండి.

## 6. యంత్రాన్ని నమ్మేముందు చేయాల్సిన పరీక్షలు

ఇవి అయ్యేదాకా ఏ జాబ్‌నూ కొలవకండి. ఒక నోటుబుక్ పెట్టుకుని ప్రతి ఫలితం తేదీతో సహా రాసుకోండి.

6.1 అంచు పట్టడంలో మీ చెయ్యి. ఒకే అంచు మీదికి క్రాస్ లైన్‌ను ఒకే దిక్కు నుంచి పదిసార్లు తెచ్చి, ప్రతిసారీ టేబుల్ రీడింగ్ రాయండి. అన్నిటికంటే పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడాయే మీ చేతి హద్దు. 20 రెట్ల దగ్గర 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) లోపు వస్తే బాగున్నట్టే. 20 మైక్రాన్లు వస్తే మిగతా పరీక్షలకు వెళ్లకుండా ఫోకస్, వెలుతురు, బల్ల ఊపు చూసుకోండి.

6.2 ప్లే. అదే అంచును ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి పట్టండి. రెండు రీడింగుల తేడా స్క్రూలో ఉన్న ప్లే, అంటే వదులు. పాత యంత్రంలో అది ఉండి తీరుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వస్తే దాని ప్రభావం ఉండదు. దాటిపోయారా, బాగా వెనక్కు వెళ్లి మళ్లీ రండి.

6.3 క్రాస్ లైన్, టేబుల్ నడక ఒకే దిక్కులో ఉన్నాయా. కొత్త బ్లేడు మూలను క్రాస్ లైన్ల మధ్యకు తెచ్చి, టేబుల్‌ను అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు నడపండి. మూల లైన్ వెంటే పోవాలి. తప్పుకుంటుంటే తెరను తిప్పి సరిచేసి, అప్పుడు కోణం స్కేలును సున్నా చేయండి.

6.4 అడ్డం, నిలువు నడకల మధ్య 90°. ఇంజినీర్స్ స్క్వేర్ ఒకటి పెట్టి, ఒక అంచును అడ్డం నడకకు సమం చేసి, రెండో అంచు వెంట నిలువుగా నడపండి. తప్పు ఎంతో రాసుకోండి. ఇప్పుడు అదే స్క్వేర్‌ను అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి మళ్లీ చేయండి. తప్పు ఏ వైపుకో గుర్తుతో సహా లెక్కేస్తే, రెండు ఫలితాల సగటు టేబుల్‌ది, వాటి తేడాలో సగం స్క్వేర్‌ది. ఈ తిరగేసే పద్ధతిలో ఉన్న సుఖం ఏమిటంటే, స్క్వేర్ సరైనదో కాదో ముందే తెలియాల్సిన పని లేదు.

6.5 టేబుల్ నడక నిజమేనా. గాజు స్కేలు ఉంటే 5 మి.మీ.కు ఒకసారి గీతలు పట్టుకుంటూ టేబుల్ రీడింగ్‌తో పోల్చండి. లేకపోతే స్థిరమైన స్తంభానికి డయల్ గేజ్ బిగించి, టేబుల్ మీద గట్టిగా బిగించిన అడ్డు ముక్కను తాకించి సున్నా చేయండి. తర్వాత 10 మి.మీ. వెనక్కు నడిపి, మధ్యలో 10 మి.మీ. స్లిప్ గేజ్ (కచ్చితమైన మందం ఉన్న దిమ్మె) పెట్టండి. డయల్ మళ్లీ సున్నా దగ్గరకే రావాలి. రాకపోతే ఆ తేడా రాసుకోండి. ఇది లెన్స్‌తో సంబంధం లేని పరీక్ష కాబట్టి తప్పు టేబుల్‌దని ఖాయంగా చెప్పొచ్చు.

చవక డిజిటల్ స్కేలు తగిలించిన యంత్రాలకు ఈ పరీక్ష మరీ ముఖ్యం. 0.01 చూపిస్తున్నంత మాత్రాన 0.01 దాకా నిజమని కాదు.

6.6 రెట్లు. మైక్రోమీటర్‌తో కొలిచిన 10 మి.మీ. పిన్నును 10 రెట్ల దగ్గర చూస్తే తెర మీద 100 మి.మీ. రావాలి. ఒకసారి మధ్యలో, ఒకసారి అంచు దగ్గర చూడండి. మంచి యంత్రాల్లో నీడ బొమ్మకు ±0.1 శాతం అంటారు, అంటే 100 మి.మీ.కు 0.1 మి.మీ. మామూలు స్టీలు స్కేలుతో తెర మీద పావు మి.మీ. పోల్చుకోవడమే గొప్ప. ఆ పావు మి.మీ.ని పదితో భాగిస్తే జాబ్‌లో 25 మైక్రాన్లు. తెర మీద స్కేలు పెట్టి కొలవొద్దన్నది అందుకే. ఈ పరీక్ష ఓవర్లేలు (తెర మీద అతికించే, గీతలున్న పారదర్శక షీట్లు) వాడేటప్పుడు అక్కరకొస్తుంది.

## 7. జాబ్ సిద్ధం చేయడం

20 రెట్ల దగ్గర 0.05 మి.మీ. దూది పోగు తెర మీద 1 మి.మీ. తాడులా కనిపిస్తుంది. కాబట్టి:

- [ ] అంచు బర్‌ను (కోత దగ్గర మిగిలిన లోహపు ముల్లు) ఆయిల్ స్టోన్‌తో తీశాను (బర్‌నే కొలవాలనుకుంటే తప్ప)
- [ ] ఆల్కహాల్‌తో కడిగి, పోగులు రాలని బట్టతో తుడిచాను
- [ ] మెషీన్ మీద నుంచి తీసిన జాబ్‌ను ప్రొజెక్టర్ పక్కనే చల్లారనిచ్చాను
- [ ] వి-బ్లాక్, సెంటర్లు, లేదా చిన్న వైస్‌తో కదలకుండా పట్టాను
- [ ] జాబ్ పొడవును టేబుల్ నడకకు సమం చేశాను

చివరిది ఎంత ముఖ్యమో లెక్క చూడండి. 25 మి.మీ. దూరంలో జాబ్ 1° వంకరగా ఉంటే దాదాపు 4 మైక్రాన్ల తేడా. 3° ఉంటే 34 మైక్రాన్లు. వంకర మూడింతలైతే తప్పు తొమ్మిదింతలవుతోంది.

వేడి సంగతి. కొలతలన్నీ 20°సె. దగ్గర చెప్పినవి. వేసవిలో మన షెడ్డు 35°సె. ఉంటే 50 మి.మీ. ఉక్కు జాబ్ సుమారు 9 మైక్రాన్లు, అల్యూమినియం జాబ్ సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది. టేబుల్ స్కేలు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి ఉక్కు జాబ్‌కు చాలాభాగం సర్దుకుంటుంది. అల్యూమినియానికి అలా సర్దుకోదు, గాజు స్కేలుతో పోలిస్తే 11 మైక్రాన్ల దాకా తేడా మిగులుతుంది. గదిలో ఏసీ లేకపోయినా ఫరవాలేదు; జాబ్, యంత్రం ఒకే వేడిలో ఉండటం ముఖ్యం. వేసవిలో పొద్దున్నే కొలుచుకోండి.

## 8. కొలత క్రమం: ఒక సర్‌క్లిప్ గాడి

20 మి.మీ. షాఫ్టు మీద డీఐఎన్ 471 (జర్మన్ ప్రమాణం) బయటి సర్‌క్లిప్ గాడి తీసుకుందాం. వెడల్పు 1.30 నుంచి 1.44 మి.మీ. మధ్య, గాడి అడుగు వ్యాసం 19 మి.మీ. ఉండాలి. వెర్నియర్ దవడ ఈ గాడిలో సరిగ్గా కూర్చోదు, ప్రొజెక్టర్‌కు మాత్రం ఇది నల్లేరు మీద నడక.

1. దీపం, ఫ్యాన్ వేసి పావుగంట ఆగండి.
2. షాఫ్టును వి-బ్లాక్‌లో పెట్టి, 20 రెట్ల లెన్స్ వేయండి.
3. షాఫ్టు పై అంచు మీద ఫోకస్ చేయండి. గుండ్రటి జాబ్‌లో అసలు అంచు ఉండేది మధ్య అక్షం ఉన్న తలంలో. ముందుకు, వెనక్కు తిప్పుతూ అంచు అన్నిటికంటే పదునుగా ఉన్నచోట ఆపి, ఇక ఫోకస్ జోలికి వెళ్లకండి.
4. షాఫ్టు అంచు అడ్డం లైన్‌కు సమంగా వచ్చేలా జాబ్‌ను సర్దండి.
5. టేబుల్‌ను గాడి ఎడమ గోడ దాటించి, తిరిగి ఎడమ నుంచి కుడికి వస్తూ నిలువు లైన్‌ను ఎడమ గోడ మీదికి తెండి. రీడింగ్ రాయండి, ఉదాహరణకు 4.21.
6. అదే దిక్కులో సాగుతూ కుడి గోడ పట్టండి. రీడింగ్ 5.55 అనుకుందాం.
7. తేడా 1.34 మి.మీ. గాడి సరిపోయింది.
8. షాఫ్టును 90° తిప్పి మళ్లీ కొలవండి.
9. లోతు కోసం అడ్డం లైన్‌ను షాఫ్టు పై అంచు మీద, తర్వాత గాడి అడుగు మీద పట్టండి. షాఫ్టు సరిగ్గా 20 ఉంటే 0.50 మి.మీ. రావాలి.

చాలా యంత్రాల్లో టేబుల్ కుడికి వెళ్తే బొమ్మ ఎడమకు పోతుంది, కొన్ని యంత్రాల్లో తలకిందులుగా కూడా ఉంటుంది. చెయ్యి త్వరగానే అలవాటు పడుతుంది.

పైన అయిదు, ఆరు దశల్లో ఒక చిన్న మోసం దాగి ఉంది. లైన్‌కు మందం ఉంటుంది. తెర మీద 0.2 మి.మీ. మందమున్న లైన్ 20 రెట్ల దగ్గర 10 మైక్రాన్లతో సమానం. ఎడమ గోడకు వెలుతురు వైపు నుంచి లైన్‌ను తాకించి, కుడి గోడకూ వెలుతురు వైపు నుంచే తాకిస్తే ఆ 10 మైక్రాన్లూ కొలతలో నుంచి పోతాయి, గాడి ఇరుకుగా కనిపిస్తుంది. లైన్‌లో సగం నల్ల భాగం మీద, సగం తెల్ల భాగం మీద ఉండేలా రెండు గోడలకూ పట్టండి. లేదా లైన్ ఎడమ అంచునే రెండు చోట్లా వాడండి. ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే చాలు.

దూరం 25 మి.మీ. దాటితే, పాత యంత్రాల్లో మైక్రోమీటర్ తలకూ టేబుల్ స్టాప్‌కూ మధ్య 25 మి.మీ. స్లిప్ గేజ్ పెట్టి కొనసాగించే వీలుంటుంది. పెట్టేముందు ఆ రెండు ముఖాలూ తుడవండి.

## 9. థ్రెడ్లు

థ్రెడ్ నీడ ఒకవైపు పదునుగా, ఒకవైపు మసకగా కనిపిస్తే ఫోకస్ తప్పు కాదు. థ్రెడ్ వాలుగా చుట్టుకుని ఉంటుంది, కాంతి ఆ వాలు వెంట పోవాలి. ఎం10×1.5 థ్రెడ్‌కు (10 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్) ఈ వాలు దాదాపు 3°. జాబ్‌ను లేదా స్వివెల్ టేబుల్‌ను అంత తిప్పితే పై అంచులో రెండు పక్కలూ పదునెక్కుతాయి. కింది అంచుకు అదే 3° అవతలి వైపు తిప్పాలి. రెండూ ఒకేసారి రావు.

అందుకని వరస ఇలా పెట్టుకోండి:

1. పిచ్: తిప్పకుండానే కొలవండి. నిలువు లైన్‌ను ఒక థ్రెడ్ పక్క మీద పట్టి, పది థ్రెడ్లు దాటి అదే పక్క మీద పట్టండి. ఎం10×1.5కు 15.00 రావాలి. 3° తిప్పి కొలిస్తే ఆ దూరం 14.98గా కుదించుకుపోయి, మీ లేత్ లీడ్‌స్క్రూ మీద అనవసరంగా అనుమానం మొదలవుతుంది.
2. బయటి వ్యాసం: దీనికి మైక్రోమీటర్ వాడండి. 6జీ టాలరెన్స్‌లో (మామూలు బోల్టులకు అనుమతించే హద్దు) 9.732 నుంచి 9.968 మధ్య ఉండాలి.
3. కోణం: ఇప్పుడు 3° తిప్పండి. తెరను తిప్పి ఒక్కో పక్క కోణాన్ని విడివిడిగా, నిలువు నుంచి కొలవండి. మెట్రిక్‌లో రెండూ 30° ఉండాలి. మొత్తం 60° వచ్చిందని ఆగొద్దు. ఒకటి 31°, ఇంకోటి 29° ఉంటే టూల్ వంకరగా బిగించినట్టు. రెండూ కలిపి 55° దగ్గరుంటే చేతిలో ఉన్నది విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ థ్రెడ్. పాత మెషీన్ల బోల్టుల్లో ఇది తరచూ తగులుతుంది.
4. మూల, శిఖరం: ఓవర్లేతో పోల్చండి.

లోపలి థ్రెడ్ చూడాలంటే పళ్ల డాక్టర్లు అచ్చుకు వాడే సిలికాన్ పోసి, అచ్చు తీసి దాన్ని చూడాలి. థ్రెడ్ రూపం, కోణం తెలుస్తాయి. ఆ అచ్చును సైజు కోసం మాత్రం నమ్మొద్దు.

## 10. కోణాలు, రేడియస్‌లు

కోణం సులభం. లైన్‌ను ఒక అంచుకు సమం చేసి రీడింగ్ తీసుకోండి, తెర తిప్పి రెండో అంచుకు సమం చేయండి, తేడా చూడండి. అంచు పొడవునా లైన్‌కూ నీడకూ మధ్య సన్నటి వెలుతురు చీలిక ఉంచి, అది రెండు చివర్లా ఒకే మందంగా ఉందో లేదో చూడటం కంటికి తేలిక. మామూలు డ్రిల్ బిట్ కొనను ఇలా చూస్తే రెండు అంచులూ అక్షం నుంచి 59° చొప్పున ఉండాలి. ఒకటి తేడా ఉంటే రంధ్రం పెద్దదెందుకవుతోందో అక్కడే తెలిసిపోతుంది.

రేడియస్‌కు రెండు దారులున్నాయి. వంపు పొడవుగా ఉంటే లెక్క: వంపు మీద రెండు బిందువుల మధ్య జ్యా (వాటిని కలిపే తిన్నని గీత), ఆ జ్యా మధ్య నుంచి వంపు ఎత్తు కొలవండి. జ్యా వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలపండి. జ్యా 4.000, ఎత్తు 0.536 అయితే 16 ÷ 4.288 = 3.731, దానికి 0.268 కలిపితే 4 మి.మీ. రేడియస్. అయితే ఎత్తులో 0.01 తప్పితే జవాబులో 0.06 పైన తేడా వస్తుంది. అందుకే పొట్టి వంపులకు ఈ లెక్క పనికిరాదు, ఓవర్లే వాడాలి.

ఓవర్లే తయారీ:

- కంప్యూటర్లో 20 రెట్ల సైజులో గీయండి. 0.5 మి.మీ. రేడియస్ 10 మి.మీ. అవుతుంది.
- ఒక్క గీత కాకుండా, ఉండదగిన కనిష్ఠం, గరిష్ఠం రెండూ గీయండి. నీడ ఆ రెంటి మధ్య పడితే జాబ్ పాస్.
- పక్కనే 100 మి.మీ. చదరం గీసి, పారదర్శక షీటు మీద ప్రింటు తీయండి.
- ఆ చదరాన్ని రెండు దిక్కులా కొలవండి. లేజర్ ప్రింటర్ వేడికి షీటు ఒక దిక్కులో ఎక్కువ మారొచ్చు. తేడా ఉంటే ఆ దిక్కులో స్కేలు సరిచేసి మళ్లీ తీయండి.
- ఇంకు ఉన్న వైపు తెరకు ఆనించి అతికించండి. లేకపోతే షీటు మందం వల్ల కన్ను పక్కకు జరిగినప్పుడల్లా గీత కూడా జరుగుతుంది.

## 11. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

మైక్రోమీటర్‌తో ఎప్పుడూ ఒకే మేర తేడా: లైన్ మందం, లేదా అంచు వెంట మెరిసే తెల్లగీత. పిన్ను ఒకటి కొలిచి, దాంతో పోల్చండి.

దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతోంది: జాబ్ వంకర, వేడి, లేదా టేబుల్ నడకలో తప్పు. ఈ వరసలోనే చూడండి.

ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది: ప్లే, లేదా జాబ్ వదులు. వి-బ్లాక్ కింద ఒక లోహపు చిప్ ఇరుక్కున్నా ఇదే లక్షణం.

జాబ్ ఎత్తుగా పెట్టినప్పుడే తేడా: స్లైడ్ అరిగి టేబుల్ కాస్త ఊగుతోంది. కొలిచే అంచు స్కేలు ఉన్న ఎత్తుకు ఎంత దూరంగా ఉంటే ఆ ఊపు అంత పెద్ద తప్పవుతుంది. జాబ్‌ను వీలైనంత కిందికి దించండి.

కొలుస్తుండగానే రీడింగ్ పాకుతోంది: జాబ్ ఇంకా చల్లారలేదు, లేదా దీపం వేడి తగులుతోంది. చిన్న పల్చటి జాబ్‌లకు ఇది ఎక్కువ.

బొమ్మకు పక్కనే దెయ్యంలా రెండో అంచు: వెనక ఉన్న అద్దం తిరగేసి బిగించారేమో చూడండి. పూత కాంతి వైపు ఉండాలి.

స్లిప్ గేజ్‌లు, గాజు స్కేలు పాతవైతే వాటిని మాత్రం ఒకసారి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చూపించండి. యంత్రం మొత్తాన్ని కాలిబ్రేట్ చేయించే ఖర్చు ఇంటి పనికి అక్కర్లేదు. సరైన గేజ్ చేతిలో ఉంటే 6వ భాగంలోని పరీక్షలన్నీ మీరే ఎప్పుడంటే అప్పుడు చేసుకోవచ్చు.

## 12. పని అయ్యాక

- [ ] దీపం ఆర్పి, ఫ్యాన్‌ను మరో పది నిమిషాలు తిరగనిచ్చాను
- [ ] టేబుల్ తుడిచి, స్లైడ్లకు పల్చగా నూనె రాశాను. లెన్స్ వైపు చుక్క పడలేదు
- [ ] లెన్స్‌కు మూత పెట్టాను. విడి లెన్సులను సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాను
- [ ] ఫలితాలు, గది వేడి, వాడిన లెన్స్ నోటుబుక్‌లో రాశాను
- [ ] యంత్రం మీద గుడ్డ కవరు కప్పాను. ప్లాస్టిక్ కవరు వానాకాలంలో తేమను లోపలే పట్టి ఉంచుతుంది, అది వద్దు
- [ ] నెలకోసారైనా దీపం వేసి అరగంట ఉంచాను, పని లేకపోయినా సరే. ఆ వెచ్చదనానికి లోపలి తేమ ఆరుతుంది